ఇరువురకు రెండు విస్తళ్లు

పెండ్లినాడు మన వధూవరులు ఒకే పళ్లెరమున భుజింతురు. బువ్వపు బంతి యని దానికి పేరు. చుట్టములు పరిహాసములాడుచుండగా ఆమె చేతి ముద్దను అతడు, అతని చేతి ముద్దను ఆమె అందుకొనుట అందలి వేడుక. ఆ బంతి లేచిన పిమ్మట ఆ దంపతులు మరల ప్రక్కప్రక్కను కూర్చుండి అన్నము తినుటకు ఎన్నేండ్లు పట్టెడిదో! పెక్కు ఇండ్లలో ఆ భాగ్యము జన్మమునకు కలుగనే లేదు.

ధర్మశాస్త్రము ఈ విషయమున ఒక్క మాట మీద నిలువలేదు. అతిథులును భృత్యులును తినిన తరువాత మిగిలిన దానిని దంపతులు భుజింపవలెనని మనుస్మృతి మూడవ అధ్యాయమున నున్నది. నాలుగవ అధ్యాయమునకు వచ్చునప్పటికి భార్యతో కలిసి భుజింపరాదనియు, ఆమె తినుచుండగా చూడనైనను రాదనియు చెప్పబడినది. మనవారు రెండవ మాటను పట్టుకొనిరి. మొదటి దానిలోని 'మిగిలినది' అన్న ముక్కను మాత్రము విడువక ఇల్లాలి వంతు చేసిరి.

అయితే నెపమంతయు శాస్త్రము మీద వేయుట న్యాయము కాదు. మన భోజనపు తీరే అట్టిది. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు వరుసగా రావలెను. అడిగినవారికి మారు వడ్డింపవలెను. వడ్డించు చేయి ఎంగిలి కారాదు. కనుక ఒకరు కూర్చున్నచో వేరొకరు నిలువక తప్పదు. ఇరువురే యున్న ఇంట ఆ నిలిచినది ఎవరో చెప్పనక్కరలేదు. భర్త లేచిన విస్తరిలోనే భార్య తినుట పాతివ్రత్యమని పెద్దలు మెచ్చుకొనిరి. ఆ వేళకు కూరగిన్నె అడుగంటి యుండుట ఆ మెచ్చుకొన్నవారి కంటబడలేదు కాబోలు.

బంతి యనునది మన సంఘమున ఎంత బలమైనదో 1881వ సంవత్సరమున తెలిసినది. ఆ డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు తమ ఇంట గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలకు వివాహము జరిపించిరి. పంతులుగారు చేయించిన వితంతు వివాహములలో అది మొదటిది. ఊరివారు అందుకు విధించిన శిక్ష వెలి. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీరు మోసి తెచ్చి, తామే వండి వడ్డించిరి. కాకినాడ నుండి పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ధనముతో బియ్యము వచ్చును గాని బంతికి తోడు రాదు. తోడు వచ్చిన మిత్రులలోను కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని వెనుకకు మరలిరి.

అట్లు పెండ్లాడిన దంపతులకు పండుగనాడు సైతము ఇంట ఆకులు రెండే. నేడు వేడుకగా కోరుకొనునది నాడు వారికి దండన. ముందు తినవలసిన పెద్దలు ఎవరును రాని ఆ ఇండ్లలో, ముందువెనుకల నియమము కొంత సడలి, ఆలుమగలు కలిసియే కూర్చుండి యుందురని నాకు తోచును. ఇది నా ఊహ మాత్రమే.

తరువాత ఉద్యోగముల వలన వేరు కాపురములు పెరిగినవి. భోజనపు బల్ల వచ్చినది. గిన్నెలు నడుమనుంచి ఎవరికి వారు వడ్డించుకొను పద్ధతి కొన్ని ఇండ్లలో అలవడినది. గరిటె ఆయన చేతికి వచ్చుటయే ఇందులో పెద్ద మార్పు. బల్ల కొన్న తరువాతను ఆమె దాని చెంత నిలిచియుండు ఇండ్లు లేకపోలేదు.

కావున ఇంట ఇరువురకు విందు తలపెట్టువారు పూలకును దీపములకును ముందు, నడుమ లేవనక్కరలేని వంటను యోచింపవలెను. ఇది మనకు క్రొత్త కాదు. పులిహోర మధ్యాహ్నమే కలిపి యుంచవచ్చును. ఊరినకొలది దానికి రుచి. దద్దోజనము పులియకుండ పాలు ఎక్కువ పోసి తోడు వేయవలెను. పూర్ణపు బూరెలు చల్లారినను చెడవు. ఊరమిరపకాయలు వేయించి మూతపెట్టవలెను. మంచినీళ్ల చెంబు ఇరువురకును అందునట్లుంచి, విస్తళ్లు ఎదురెదురుగా పరచి, ఇద్దరును ఒక్కసారియే కూర్చుండవలెను. నేతిగిన్నె వంటింట మరచినచో తెచ్చుటకు లేవవలసినది ఆయనయే.