పెద్దమ్మ వచ్చింది: నిఘంటువులో దొరకని పాఠం

పరాయి భాష నేర్చుకున్నవాళ్ల చరిత్రలో నేర్చుకున్నవాళ్ల పేర్లు నిలిచిపోతాయి. నేర్పిన పండితుల పేర్లు కొన్నయినా మిగులుతాయి. నేర్పిన ఆడవాళ్ల పేర్లు మాత్రం దాదాపుగా కనిపించవు. దీన్ని పరిశీలించడానికి మా కడప జిల్లా మంచి చోటు. ఒకప్పుడు పరాయి దేశాలవాళ్లు ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. గత ఇరవై ఏళ్లుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆడపిల్లలు చైనాకు వెళ్లి చైనీస్ నేర్చుకుంటున్నారు. ఈ ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే భాష ఎవరి సొత్తు, ఎవరి శ్రమ అన్న ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది.

మొదటి ప్రయాణం మనకు తెలిసిందే. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొన్నాడు, పండితులను పోషించాడు, తాళపత్రాలు సేకరించి పరిష్కరింపజేశాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య వంటి సహాయకుల పేర్లు సాహిత్య చరిత్రలో చేరాయి. 1850ల మొదట్లో అచ్చయిన ఆయన నిఘంటువులను ఇవాళ్టికీ తిరగేస్తున్నాం. ఆ కృషి చిన్నది కాదు. అయితే అక్కడ విద్యార్థి జీతమిచ్చే దొర, గురువు జీతం పుచ్చుకునే పండితుడు. పాఠం కచేరీలో, తాళపత్రంలో ఉంది. వంటింట్లో, పురిటింట్లో ఉన్న తెలుగు ఆయన దాకా నేరుగా వచ్చే దారి ఏది?

ఆ తెలుగు అవసరమైంది జమ్మలమడుగులో. 19వ శతాబ్దం చివర్లో లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. ఆయన పేరుతోనే ఆసుపత్రి నిలిచింది. మిషన్ పనికి వచ్చేవాళ్లు స్థానిక భాష నేర్చుకోక తప్పేది కాదు. అటువంటి వాళ్లకోసమే ఆర్డెన్ తెలుగు వ్యాకరణం 1873లో వెలువడింది. కానీ ఒక ఆడమనిషి వచ్చి "బయటున్నా" అంటే ఏ వ్యాకరణం ఆదుకుంటుంది? "నెల తప్పింది", "నీళ్లాడింది" అన్న మాటలను విడివిడి పదాలుగా చూసుకుంటే చేతికొచ్చేది నెల, నీళ్లు మాత్రమే. ముట్టునూ గర్భాన్నీ కాన్పునూ పేరు పెట్టి పిలవకుండా చెప్పే ఆ భాషను విప్పి చెప్పగలిగింది వార్డులోని పేషెంట్లు, ఆయాలు, మంత్రసానులు. ఏ విదేశీ వైద్యుడికైనా, వైద్యురాలికైనా అసలు మున్షీలు వాళ్లే అని నేననుకుంటాను.

ఇక మూడో ప్రయాణం. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో గానీ రాలేదు. ఆ సరికే చైనా విశ్వవిద్యాలయాలు విదేశీయులకు ఇంగ్లీషు మీడియంలో వైద్యవిద్య మొదలుపెట్టాయి. ఇక్కడి ప్రైవేటు సీటుతో పోలిస్తే అక్కడి ఖర్చు తక్కువ. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు చుట్టుపక్కల, కూతురి చదువుకు ముందు కుదువకెళ్లేది తల్లి మెడలోని బంగారమే. "అంతా ఇంగ్లీషే, చైనా భాషతో పనిలేదు" అని కన్సల్టెన్సీవాళ్లు చెబుతారు. తరగతి గది వరకూ అది నిజం. కానీ మంచం మీదున్న రోగికి ఇంగ్లీషు రాదు. 2007లో చైనా విద్యాశాఖ ఇంగ్లీషు మీడియం కోర్సులకు పెట్టిన ప్రమాణాల్లోనే చైనీస్ నేర్వడం ఒక భాగం.

తిరిగొచ్చిన అమ్మాయిలు కొందరితో మాట్లాడాను. హాస్టల్లో కుదురుకోవడమంటే వేడినీళ్ల ఫ్లాస్కుకూ, చలికీ, వంటకు దొరకని చింతపండుకూ అలవాటుపడటం. అంతకన్నా కష్టం చెవికి అలవాటు చేయడం. "మా" అన్న ఒకే శబ్దం ఒక స్వరంలో అమ్మ, మరో స్వరంలో గుర్రం, ఇంకో స్వరంలో తిట్టడం. చిన్నప్పుడు పలకమీద దిద్దిన క, ఖల తేడా, త, థల తేడా మాత్రం అక్కడ అక్కరకొచ్చిందట.

ఒకమ్మాయి చెప్పిన మాట నన్ను పట్టేసింది. "ముట్టుకు పుస్తకంలో ఒక మాట నేర్పించినారు మేడం. వార్డులో పిల్ల ఆ మాట అన్లేదు. 'పెద్దమ్మ వచ్చింది' అనింది. ఏ పెద్దమ్మ అని నేను వాకిలి తట్టు చూసినా. పక్కనున్న నర్సమ్మ నవ్వి చెవిలో చెప్పింది." చైనాలో ఆడవాళ్లు ముట్టును "తా యీమా" అంటారు. అమ్మకు అక్క అని అర్థం. జమ్మలమడుగులో బయటుండే మనిషీ, చైనాలో ఇంటికొచ్చే పెద్దమ్మా ఒక్కరే! పెళ్లి మాటలూ అంతే. మగవాడు చేసుకునే పెళ్లికి ఒక క్రియ, "ఛ్యూ". దాని లిపిలో "తీసుకోవడం" కింద "స్త్రీ" ఉంటుంది. ఆడమనిషి చేసుకునే పెళ్లికి వేరే క్రియ, "జ్యా". అందులో "స్త్రీ" పక్కన "ఇల్లు". పిల్లను ఇచ్చినారు, పిల్లను తెచ్చుకున్నారు అని మాట్లాడుకునే మనకు ఇది వివరించి చెప్పాలా?

ఇంత నేర్చుకున్నదానికి ఇక్కడ విలువెంత? 2020 మార్చిలో చైనా సరిహద్దులు మూసింది. విద్యార్థి వీసాలు మళ్లీ మొదలైంది 2022 ఆగస్టులోనే. ఆ రెండేళ్లకు పైగా, సెలవులకు ఇల్లు చేరిన పిల్లలు ఫోన్లలోనే వైద్యం చదివారు. వార్డు లేదు, నర్సమ్మ లేదు. అదే సెప్టెంబరులో బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం ఒక లెక్క చెప్పింది. 2015 నుంచి 2021 వరకు ఇక్కడి అర్హత పరీక్ష రాసిన 40,417 మంది చైనా విద్యార్థుల్లో గట్టెక్కింది 6,387 మంది. అంటే దాదాపు 16 శాతం. మిగిలినవాళ్లను "ఫెయిలయినవాళ్లు" అనేస్తున్నాం. ఆడపిల్లలకైతే దాని వెంటనే పెళ్లి సంబంధాలు, కుదువ విడిపించని బంగారం గురించిన మాటలు. వైద్యానికి పరీక్ష ఉండాల్సిందే. రోగి ప్రాణం కన్నా ఎక్కువేదీ కాదు. కానీ ఒక పరాయి స్త్రీ నొప్పిని ఆమె మాటల్లోనే వినగలిగిన చెవి కూడా ఒక విద్యే. ఆ విద్యకు మన దగ్గర మార్కులూ లేవు, చరిత్రా లేదు.

బ్రౌన్ బంగళా ఉన్నచోట ఇవాళ గ్రంథాలయం ఉంది. అక్కడి నిఘంటువుల పక్కన ఈ పిల్లల నోటుపుస్తకాలు కూడా ఉండాలని నా కోరిక. చైనీస్ మాటల ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకుని, పక్కన కడప యాసలో అర్థం రాసుకున్న పుస్తకాలవి. అవి పాతసామాన్లవాడి తక్కెడలోకి పోకముందే మనలో ఎవరో ఒకరు వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగాలి. ఏ మాట ఎవరు నేర్పారో, వార్డు ఆయా పేరుతో సహా, రాసుకోవాలి.