అద్దె యిల్లు: పత్రము చూపు చేయి, పత్రముండు చోటు

నిడదవోలు ప్రాచీన నగరము. శాసనములలో దీనికి నిరవద్యపురమని పేరు. కాకతి రుద్రమదేవిని పరిణయమాడిన చాళుక్య వీరభద్రుడు ఇచ్చటి రాజవంశమువాడే. పిమ్మట రైలుమార్గము వచ్చినది. భీమవరము, నరసాపురముల వైపు శాఖ చీలుటచే ఊరు జంక్షను అయినది. జంక్షను ఉన్నచోటికి బదిలీపై ఉద్యోగులు వత్తురు, చదువులకై విద్యార్థులు వత్తురు, పని వెదకికొనుచు కుటుంబములు వచ్చును. వీరందరికి మొదట కావలసినది అద్దె యిల్లు. తక్కువ అద్దెకు మంచి యిల్లు ఉన్నదను మాట వారి చెవికి ఎంత యింపో, మోసగానికి అది అంత మంచి యెర. ఈ మోసము నేటిదేనా? దీనికి విరుగుడుగా మన పెద్దలు ఏ కట్టుబాట్లు ఏర్పరచిరి? చరిత్రను కొంత తిరగవేసి చూతము.

వేంగీ చాళుక్యుల దానశాసనములను పరిశీలించినచో వారి జాగ్రత్త మనకు తెలియును. రాగిరేకులను వలయమునకు గ్రుచ్చి, దానిపై ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను ముద్ర వేయించెడివారు. ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవాడెవడు, నాలుగు దిక్కుల ఎల్లలేవి, శాసనమును అమలు జరుపవలసిన ఆజ్ఞప్తి యెవడు అనునవి అందు చెక్కించెడివారు. రాగిరేకునకు సయితము దొంగరేకు పుట్టునని ఆనాటివారికి బాగుగా తెలియును. కూటశాసనము కల్పించువానికి మనుస్మృతి మరణదండన విధించినది. ఏడవ శతాబ్దిలో హర్షచక్రవర్తి వేయించిన మధుబన్ శాసనము ఇందుకు నిదర్శనము. వామరథ్యుడను నతడు కూటశాసనము చేతబట్టుకొని సోమకుండక గ్రామమును అనుభవించుచుండెను. హర్షుడు విచారణ జరిపి, ఆ శాసనమును విరుగగొట్టించి, గ్రామమును వేరిద్దరికి దానమొసగెను. ఇందు మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. పత్రము చేతిలో నున్నంత మాత్రమున అది నిజమైన పత్రమని చెప్పజాలము. నిజము తేలినది విచారణ వలననే.

అద్దెకున్నవాని గోడును కూడ మన ప్రాచీనులు మరువలేదు. అద్దె చెల్లించుచున్నవానిని నిష్కారణముగా వెళ్లగొట్టిన యజమానికిని, పొమ్మన్నను పోక కూర్చున్న అద్దెదారునకును కౌటిల్యుని అర్థశాస్త్రము సమానముగా పన్నెండు పణముల దండుగ విధించినది. అనగా అద్దె ఒప్పందము ఇరుపక్షములను కట్టివేయు ధర్మమని ఆనాడే గుర్తించిరి.

ఆంగ్లేయుల పాలనలో ఈ ధర్మము కాగితమున కెక్కినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము అద్దెకు నిర్వచనము చెప్పినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము మొదట ఏడాదికి మించిన అద్దె పత్రమును రిజిస్టరు చేయింపవలెనని విధించినది. నేటికిని మన యూళ్లలో పదకొండు నెలలకే అగ్రిమెంటు వ్రాసికొను వాడుకకు మూలమిదియే. దీనివలన ఖర్చు తగ్గుట నిజమే. కాని అట్టి పత్రపు జాడ రిజిస్ట్రారు కార్యాలయమున నుండదు. ఒకే యింటిని ఒకే వారములో నలుగురికి అద్దెకిత్తునని చెప్పి, నలుగురి వద్దను అడ్వాన్సు దండుకొను దళారికి ఈ సందు చాలును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టణములలో ఇండ్లకు కరవు వచ్చినది. దాని ఫలితముగా మద్రాసు రాష్ట్రమున 1946లోను, 1949లోను అద్దె నియంత్రణ చట్టములు వచ్చినవి. ఆంధ్రప్రదేశమున 1960లో వచ్చినది. న్యాయమైన అద్దె నిర్ణయించుటయే కాక, చెల్లించిన ప్రతి సొమ్మునకు, అడ్వాన్సునకు సయితము, సంతకముతో కూడిన రశీదు పొందు హక్కును ఈ 1960 చట్టము అద్దెదారునకు ఇచ్చినది. రశీదు అడుగుట అవమానించుట యని తలచువారు మనలో ఇంకను కలరు. శాసనసభ యిచ్చిన హక్కును అడిగిపుచ్చుకొనుటలో అవమానమేమున్నది?

ఇక నేటి మోసముల తీరు చూతము. సెల్‌ఫోనులో చక్కని యింటి చిత్రములు వచ్చును. అద్దె వీధిలోని తక్కిన యిండ్లకంటె చాల తక్కువ. యజమాని దూరదేశమున నున్నాడనియో, సైన్యమున నున్నాడనియో చెప్పుదురు. ఇంకొకరు సిద్ధముగా నున్నారు, నేడే అడ్వాన్సు పంపినచో ఇల్లు మీకే యని తొందరపెట్టుదురు. సొమ్ము వాపసు చేయుదుమని క్యూ.ఆర్. గుర్తు పంపి, పిన్ నొక్కుడందురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్‌తో ఎన్నడును పనిలేదు. పిన్ నొక్కుట సొమ్ము పోవుటకే.

2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఆరంభమైన పిదప మన రాష్ట్ర పట్టణములలో టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపుటడుగుల గృహములు కట్టించినది. ఇట్టి గృహమును ఇప్పించెదనని అద్దె యిండ్లలోని పేదల వద్ద సొమ్ము గుంజు దళారులు బయలుదేరుటలో వింతలేదు. ప్రభుత్వ గృహమునకు లబ్ధిదారుని నిర్ణయించునది ప్రభుత్వము. చెల్లింపవలసినది ఏమైనను ఉన్నచో అది సంస్థ పేర, రశీదుపై చెల్లును. ఏ వ్యక్తి సొంత ఖాతాకును చెల్లదు. పేరు జాబితాలో నున్నదా లేదా యని పురపాలక కార్యాలయమునకు స్వయముగా పోయి అడుగుట మేలు.

అద్దెకు పోవువారు చేయదగిన పనులు కొన్నియే. ఇంటిలోపల అడుగుపెట్టి చూడనిదే రూపాయి చెల్లింపరాదు. ఇంటిపన్ను రశీదులోను, విద్యుత్తు బిల్లులోను ఉన్న పేరు, అగ్రిమెంటులో యజమానిగా వ్రాసిన పేరు సరిపోవుచున్నవో లేదో చూడవలెను. పేరు వేరైనచో కారణ మడుగవలెను. పెద్ద అడ్వాన్సు ఇవ్వవలసివచ్చినచో రిజిస్ట్రేషను కార్యాలయమునుండి ఇ.సి. తీసికొన్నచో ఆ యిల్లు ఎవరికి అమ్ముడైనదో, తాకట్టులో నున్నదో తెలియును. ఇరుగుపొరుగును విచారించుట ఖర్చులేని ఇ.సి. వంటిది. 2021లో కేంద్రము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించిన అడ్వాన్సు కూడదన్నది. అది రాష్ట్రములకు నమూనా మాత్రమే యైనను, అడిగిన మొత్తము సబబో కాదో తూచుకొనుటకు మంచి కొలబద్ద. ఫోను ద్వారా మోసపోయినవారు వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును మధ్యలో ఆపుటకు అంత యవకాశము.

తక్కువ అద్దె కోరుట తప్పు కాదు. పరిమిత ఆదాయముగల గృహస్థునకు అది అవసరము. ఆ యవసరమే మోసగానికి పెట్టుబడి. కాబట్టి హర్షుని నాటినుండి నేటివరకు పాఠ మొక్కటియే: పత్రమును చూపు చేతిని నమ్మక, ఆ పత్రమునకు మూలముండు చోటికి పోయి విచారింపవలెను. అందుకొక్క పూట పట్టును. పోయిన అడ్వాన్సును తిరిగి కూడబెట్టుటకు చిన్న జీతగానికి నెలలు పట్టును.