క్యాసంబళ్ళి మిద్దెలు, బంగారు గనుల బంగళాలు

మన కోలారు జిల్లాలో చారిత్రక కట్టడాలు అనగానే ఎవరైనా మొదట చెప్పేది కోలారమ్మ గుడి, సోమేశ్వరాలయం, హైదరాలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉన్న మకబరా. ఇంకొంచెం తెలిసినవారు హైదరాలీ పుట్టిన బూదికోటనూ, ఆవని గుళ్ళనూ కలుపుతారు. ఇవన్నీ దేవుళ్ళవి, రాజులవి. మామూలు మనుషులు కాపురమున్న ఇళ్ళను చరిత్రలో చేర్చే అలవాటు మనకు తక్కువ. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఇళ్ళకు వెల కట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం కాబట్టి, ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళ లోపలికి పోయి చూశాను, చాలా దస్తావేజులు తిరగేశాను. ఆ కాస్త అర్హతతోనే ఈ వ్యాసం.

ముందుగా గనుల సంగతి. 1802లో మైసూరు తూర్పు సరిహద్దు సర్వే చేయడానికి వచ్చిన జాన్ వారెన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, ఇక్కడి పల్లెవాళ్ళు మట్టి కడిగి బంగారం తీస్తారని విని, ఉరిగాం, మారికుప్పం ప్రాంతాల్లో స్వయంగా చూసి రాసి పెట్టాడు. ఆ రాతలు చదివిన లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు 1870లలో మైసూరు ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకున్నాడు. బెంగళూరులో లావెల్ రోడ్డు ఈయన పేరుమీదే ఉంది. లావెల్ డబ్బు చాలక చేతులెత్తేశాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక అసలు కథ మొదలయింది. 1894లో బౌరింగుపేట, అంటే మన బంగారుపేట, నుంచి మారికుప్పానికి రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 92 మైళ్ళ పొడవున తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపం వెలిగింది ఆ తరువాత, 1905లో. ఆ తీగ దాటివచ్చిన పల్లెలకు దీపం రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

కంపెనీ వచ్చాక ఇళ్ళు వచ్చాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలకు, ముఖ్యంగా కార్న్‌వాల్ తగరపు గనుల నుంచి వచ్చిన పనివాళ్ళకు, వాలు కప్పుల బంగళాలు కట్టారు. చుట్టూ వరండా, ముందు పూలతోట, వెనక నౌకర్ల గదులు. కొన్నింటికి చలిమంట వేసుకునే గూడు, దానిపైన పొగగొట్టం కూడా. క్లబ్బు, గోల్ఫు మైదానం, చర్చి, ఆసుపత్రి వరుసగా లేచాయి. ఈ ఊరిని చిన్న ఇంగ్లండు అని పిలుచుకున్నారు. పేటకు కూడా మైసూరు రెసిడెంటుగా ఉన్న దొర పేరే పెట్టి రాబర్ట్‌సన్‌పేట అన్నారు.

ఆ చిన్న ఇంగ్లండుకు ఆనుకునే ఇంకో ఊరుంది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, తమిళులు కాపురమున్న లైన్లు. మొదట్లో ఇవి వెదురు తడికల గుడిసెలు. వంగితే తప్ప లోపలికి పోలేనివి. తరువాత గోడలు వచ్చాయి, రేకులు వచ్చాయి. నేను చూసేనాటికి ఒక్కొక్క గదిలో తాత, తండ్రి, కొడుకు మూడు తరాలు గడిపిన లైన్లు ఉన్నాయి. లోపల రాయి పగిలినప్పుడు పైన ఈ ఇళ్ళు కదిలేవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న చాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఒకటి. అంత లోతున రాయి పగిలితే పైన అటకమీది గిన్నెలు మోగేవని ఒక రిటైరయిన కార్మికుడు నాతో చెప్పాడు. గిన్నెలు మోగగానే ఆడవాళ్ళు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళట. అలాంటి ఇల్లు చరిత్ర కాకపోతే మరేది చరిత్ర? కానీ 1990లలో ఆ లైన్లవాళ్ళు లోనుకోసం వస్తే మేము చేయగలిగింది లేదు. ఇల్లు కంపెనీది, నేల కంపెనీది. వాళ్ళ పేరున ఒక్క కాగితం ఉండేది కాదు. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1962లో కేంద్రానికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూటఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం బయటికి పోయిందంటారు. 2018లో సినిమా వచ్చినప్పటినుంచి బయటివాళ్ళు సైనైడ్ దిబ్బలు చూడడానికి వస్తున్నారు. దిబ్బ ముందు నిలబడి ఫోటో తీసుకుంటారు. లైన్ల వైపు పోరు.

ఇక మా వైపు పల్లెల సంగతికి వస్తాను. గనులకు తవ్వేవాళ్ళు ఎంత అవసరమో తిండిగింజలూ, పాలూ, కట్టెలూ అంతే అవసరం. చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో కలిగిన రైతులకు ఆ రోజుల్లో చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. ఒకప్పుడు బంగారుపేట తాలూకాలో ఉండిన క్యాసంబళ్ళి అలాంటి ఊరు. ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం ఒక మనిషి వల్ల. మైసూరు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కె. చెంగలరాయరెడ్డిగారు 1902లో పుట్టింది ఇక్కడే. కె.సి.రెడ్డి అన్న పేరులో మొదటి అక్షరం ఈ ఊరే. 1947 అక్టోబరులో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. తరువాత కేంద్రంలో మంత్రిగా ఉన్నప్పుడు గృహనిర్మాణ శాఖ కూడా చూశారు. మన ఊరి ఇంటిపేరు ఢిల్లీలో ఇళ్ళ శాఖ బల్లమీద కనబడిందన్నమాట.

ఈ వైపు పాత ఇల్లు ఎలా ఉండేదో నేటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. ముందు తిన్నె, రాతి కూసాలమీద నిలిచిన పంచ. పెద్ద ద్వారబంధం, గడపకు పసుపు. లోపల నాలుగు వైపులా వసారా, నడుమ తొట్టి. వాన తొట్టిలోనే పడి, మూలనున్న తూములోంచి వీధికి పోతుంది. పైన మద్ది దూలాలు, దంతెలు, వాటిమీద మట్టి మిద్దె. గోడ మూరెడు మందం. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే చెమట ఆరిపోతుంది. ఒక పక్క రాగిపాతర. నేలలో నిలువుగా తవ్వి, మూతి చిన్నదిగా, కడుపు పెద్దదిగా చేసి, అందులో రాగులు పోసి బండ మూసి మెత్తేవారు. రాగులకు పురుగు పట్టదు, ఏళ్ళు నిలుస్తాయి. కరువు సంవత్సరం పాతర తీస్తే ముందు దీపం దించి చూసేవారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు, లోపల గాలి చెడిందని అర్థం. ఈ జాగ్రత్త తెలిసినవాళ్ళ ఊళ్ళనుంచే గనుల్లోకి మనుషులు దిగారు.

1997లో నేను ఈ ప్రాంతపు ఒక శాఖలో ఫీల్డు ఆఫీసరుగా ఉన్నాను. క్యాసంబళ్ళి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మిద్దె కారుతోంది, రెండు దూలాలు చెదలు తిన్నాయి, రిపేరుకు లోను కావాలన్నాడు. నేను పోయి చూశాను. పైన చెప్పిన ఇల్లు అదే. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. ఇంటిమీద మాత్రం మా లెక్క కుదరలేదు. మేము కాలేజీలో తరుగుదల అని చదివాం. కట్టడానికి ఇన్నేళ్ళ ఆయుష్షు అని కట్టి, ఏటేటా ఇంత అని కొట్టేస్తూపోతే చివరికి పుస్తకంలో ఒక్క రూపాయి మిగులుతుంది. వంద దాటిన మట్టి మిద్దెకు ఆ రూపాయి కూడా మిగలదు. నా రిపోర్టులో స్థలానికి ఇంత అని రాసి, కట్టడం కాలమ్‌లో ‘శిథిలం, విలువ లేదు’ అని రాశాను. రిపేరుకు లోను రాదు, పడగొట్టి కొత్తది కట్టుకుంటే వస్తుందని ఆయనకు చెప్పాను.

ఆయన కాసేపు ఊరుకుని, “పడగొట్టేదానికి దుడ్డిస్తారు, నిలబెట్టేదానికి ఇయ్యరా సార్?” అన్నాడు.

“రూల్సు పెద్దాయనా,” అన్నాను. అబద్ధం కాదు. కానీ శిథిలం అన్న మాట రూల్సు రాసింది కాదు, నేను రాసింది. ఆ ఇల్లు శిథిలం కాలేదు. రెండు దూలాలు మారిస్తే ఇంకో యాభై ఏళ్ళు నిలిచేది.

ఆ ఎండాకాలంలోనే ఇల్లు పడింది. కూసాలు కొట్టానికి పోయాయి. ద్వారబంధాన్ని బెంగళూరు నుంచి వచ్చిన వ్యాపారి కొనుక్కుపోయాడు. నేను ఎంత అని అడగలేదు. నా రిపోర్టు ప్రకారం అది విలువ లేనిదే కదా.

నేను ఇంగ్లండు పోయినవాణ్ణి కాదు. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను. కోలారుకు మనుషుల్ని పంపిన కార్న్‌వాల్‌లో రెడ్‌రూత్ అనే పాత సంత ఊరుంది. అక్కడి గనులు కూడా మూతపడ్డాయి. అయితే 2006లో ఆ గనుల ప్రాంతాన్ని, ఇంజను గదులతో, పనివాళ్ళ ఇళ్ళతో సహా, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ దేశంలో 1947 చట్టంనాటి నుంచీ పాత ఇళ్ళకు జాబితా ఉంది. జాబితాలోకి ఎక్కిన ఇంటిని సొంతదారు కూడా అనుమతి లేకుండా కూల్చరాదు. గుడి కానక్కర లేదు, కోట కానక్కర లేదు, సంత వీధిలో అంగడి అయినా సరే. మనకు 1958 చట్టం ఉంది. దాని ప్రకారం వందేళ్ళు దాటి, జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. గనుల తొలినాటి బంగళాలు వందేళ్ళు ఎప్పుడో దాటాయి, మిద్దెలూ దాటాయి. రెండో షరతు దగ్గరే ఆగిపోతాయి. క్యాసంబళ్ళి మిద్దె జాతీయ ప్రాముఖ్యాన్ని రుజువు చేయమంటే పాపం ఏం చేస్తుంది?

ఇంగ్లండులో జాబితా ఉన్న ఇళ్ళవాళ్ళకు చిక్కులు లేవని కాదు. కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలని విసుక్కునేవాళ్ళు అక్కడా ఉన్నారు. మన రైతుమీద అంత భారం వేయాలని నేను అనను. రిపేరుకు లోను అడిగినవాడికి రిపేరుకే లోను ఇచ్చే ఏర్పాటు ఉంటే, సగం మిద్దెలు ఏ చట్టమూ లేకుండానే నిలిచేవి. వెలకట్టే ఫారంలో ఇంకో కాలమ్ ఉంటే చాలు. నాలాంటివాడు అందులో ఏమి రాయాలో ఆలోచించడానికైనా కాసేపు ఆగేవాడు.

పోయిన సంక్రాంతికి ఆ దారిన పోతూ క్యాసంబళ్ళిలో దిగాను. పెద్దాయన లేడు. కొడుకు గుర్తుపట్టి, “రాండి సార్, లోను తీరిపోయి శానా కాలమాయె,” అని లోపలికి పిలిచాడు. ఆర్.సి.సి. ఇల్లు, మొజాయిక్ నేల. పైకప్పు మూలన కమ్మీ తుప్పుపట్టి పెచ్చులూడుతోంది. మేడ వేయాలి, ఎంత లోను వస్తుందని అడిగాడు. ఇప్పుడు నాకు ఆ సీటు కాదని చెప్పాను. కాఫీ తెచ్చిన కోడలు ఒక చోట ఆగి, మడమతో నేలను తట్టింది. డొల్లగా మోగింది. పాతర పూడ్చలేదట. మామగారు పూడ్చనియ్యలేదట. బండ మూసి, దానిమీదే మొజాయిక్ వేయించారట.