కైద్ : ఆకాశంలో గుడ్డు పెంకులు

సావనీరుకు చరిత్ర వ్యాసం అనగానే రాజులు, కోటలు వస్తయనుకుంటారు. నేను మాత్రం ఒక చుక్క పేరు చరిత్ర చెప్పదలచినాను. కారణం ఉన్నది. ఒక చలికాలం రాత్రి చిట్యాలలో మేడ మీద పిల్లలకు చుక్కలు చూపిస్తుంటే ఒక పిల్లవాడు అడిగినాడు: "సార్, సైన్సు మాటలన్నీ ఇంగ్లీషువే గదా, ఆస్మాన్‌ల మన జబాన్ మాట ఒక్కటన్న ఉన్నదా?"

జనవరి నెలాఖరులో రాత్రి తొమ్మిది గంటలకు దక్షిణం దిక్కు తిరిగి, తల బాగా ఎత్తి చూడండి. మృగశిర దగ్గర మూడు చుక్కలు వరుసగా ఉంటాయి. వాటి కింద కుడిపక్క మెరిసేది రైజెల్. అది అరబీలో రిజ్ల్, అంటే పాదం. అక్కడినుండి కుడివైపుకు, చాచిన చేతి పిడికిలిన్నర దూరంలో ఒక మసక చుక్క ఉంటుంది. హైవే దీపాల వెలుతురులో కనబడదు, చేన్లవైపు పోవాలె. దాని పేరు కైద్.

ఈ పేరు వినగానే పిల్లలు నవ్వినారు, "జైలా సార్?" అని. తప్పు వాళ్లది కాదు. మనం కైద్ అనే జైలుకు చివర దాల్ ఉంటుంది. చుక్క పేరుకు చివర జ్వాద్. యూరపువాళ్లు ఆ అక్షరాన్ని తమ లిపిలో 'ద'గా రాసుకున్నందున రెండూ ఒకటే అయినట్లు వినబడుతయి. జ్వాద్‌తో రాస్తే అర్థం గుడ్డు పెంకులు. పక్కనే ఇంకొక చుక్క బైద్, అంటే గుడ్లు. ఉర్దూలో గుడ్డును బైజా అంటాము, కోడిగుడ్డు ఆకారాన్ని బైజవీ అంటాము. అదే మాట!

పాతకాలపు అరబ్బులు ఆకాశంలో ఆ భాగాన్ని ఉష్ట్రపక్షి, అంటే మన శుతుర్‌ముర్గ్, గూడుగా చూసినారు. గూడు ఉంటే గుడ్లు, పగిలిన పెంకులు ఉండవలసిందే గదా. గ్రీకుల లెక్కలో అదే చోటు ఎరిడానస్ అనే నది. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్ర గ్రంథంలో గ్రీకు లెక్కలతోపాటు అరబ్బులు పిలుచుకునే పేర్లను కూడా రాసిపెట్టినాడు. ఇట్లాంటి అరబీ పేర్లు ఎన్నో తర్వాత యూరపు పుస్తకాలలోకి ఎక్కినవి. అరేబియా ఉష్ట్రపక్షి మాత్రం 20వ శతాబ్దం మధ్యకల్లా అంతరించింది.

కైద్ మన సూర్యునికన్న కొంచెం చిన్నది, కొంచెం చల్లనిది. అందుకే నారింజ రంగు. దూరం 16 కాంతి సంవత్సరాలు. 1783లో విలియం హెర్షెల్ దాని పక్కన జంట చుక్కలను కనిపెట్టినాడు. వాటిలో ఒకటి తెల్ల మరుగుజ్జు అని 1910లో తేలింది. అది లోపలి మంట ఆరిపోయిన నక్షత్రం, ఒక విధంగా పెంకే! పేరు పెట్టినవారికి ఆ సంగతి తెలియదనుకోండి.

మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ పూనికతో మొదలైన నిజామియా వేధశాలవారు లక్షల చుక్కల స్థానాలు కొలిచినారు. కాని ఆకాశ పటం పనిలో దక్షిణాన వారికి వచ్చిన పట్టీ 17 నుండి 23 డిగ్రీలు. కైద్ అందులో పడలేదు.

2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ నారింజ చుక్కకు కైద్ అనే పేరునే ఖాయం చేసింది. అదే 'ద'తో. మా పిల్లవాడు మాత్రం తన నోటుబుక్కులో జ్వాద్‌తోనే రాసుకున్నాడు.