నిర్మాణ కార్మికుల నష్టపరిహార హక్కు

నిర్మాణ పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని చట్టప్రకారం చెల్లించే సొమ్ము నష్టపరిహారం. భారతదేశంలో దీనికి పునాది 1923 నాటి చట్టం. ఆ సూత్రాలనే 2020 సామాజిక భద్రతా కోడ్ కొనసాగించింది. ప్రమాదం పనిలో ఉండగా, పని వల్ల జరిగిందని తేలితే చాలు, యజమాని తప్పును రుజువు చేయనక్కర్లేదు. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగితే 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేస్తారు; లెక్కలోకి తీసుకునే వేతనానికి ప్రభుత్వ పరిమితి ఉంటుంది.

హక్కు బలమైనదే, దాన్ని నీరుగార్చేది ఉద్యోగ రుజువు లేకపోవడం. మేస్త్రీ మాట మీద పనికి వెళ్లే పాలమూరు వలస కూలీ పేరు హాజరు పుస్తకంలో ఉండకపోవచ్చు. ఇలాంటి కూలీల విషయంలో తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన అసలు యజమానినీ చట్టం బాధ్యుణ్ణి చేసింది. హెల్మెట్ తీసేసినవాడికి పరిహారమెందుకని కొందరి అభ్యంతరం. రక్షణ సాధనాన్ని కావాలని తొలగించడం వల్ల ప్రమాదం జరిగితే గాయాలకు పరిహారం దక్కదు. కానీ మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ ఆ మినహాయింపు వర్తించదు. ఇది న్యాయమే: ఆధారం కోల్పోయేది తప్పు చేయని కుటుంబం. భవనం ధరలో సిమెంటు ఖర్చు కలిసినట్టే ప్రమాదపు ఖర్చూ కలవాలి. హాజరు, వేతన పత్రాల నిర్వహణను ప్రతి పనిచోటా తప్పనిసరిగా అమలు చేస్తేనే ఈ హక్కు కూలీ చేతికందుతుంది.