కొండ దిగి కచేరీకి

పల్లపు ఊళ్లలో ఉండే మనకు కచేరీ కొత్త కాదు. పట్టా నకలుకో, పుట్టినతేదీ ధ్రువపత్రానికో, పింఛను కాగితానికో ఏదో ఒకనాడు ఆ మెట్లు ఎక్కినవారమే. గుమాస్తా భోజనానికి వెళ్లినాడని విని వేపచెట్టు నీడన కూర్చున్నవారమే. ఇంటికి తిరిగివచ్చి ఆ ముచ్చట కొంత కోపంతోను, కొంత నవ్వుతోను చెప్పుకున్నవారమే. ఎంత విసుగు కలిగినా ఒక్క విషయంలో మనకు లోటు లేదు. అక్కడ మాట్లాడే భాష మన భాష. అక్కడి దస్త్రంలో ఉన్న పేరు మన పేరు. ఈ రెండింటిలో ఏదీ తనది కాని మనిషికి కచేరీ ఎట్లా కనబడుతుందో తెలియవలెనంటే గుమ్మలక్ష్మీపురం వంటి చోటికి వెళ్లాలి.

మేము ముగ్గురం ఒక సంతరోజున పార్వతీపురంలో బస్సెక్కి, నాగావళి దాటి, కురుపాం మీదుగా అక్కడికి చేరుకున్నాము. దారి పొడుగునా కుడియెడమల కొండలు దగ్గరపడుతూ వచ్చినవి. ఊరు పెద్దది కాదు. తహశీల్దారు కచేరీ, మండల పరిషత్తు, గిరిజన సహకార సంస్థ డిపో, దాపుననే భద్రగిరిలో ఆసుపత్రి, ఎల్విన్‌పేటలో పోలీసు ఠాణా. కొండమీది సవరలకు, జాతాపులకు సర్కారు అంటే ఈ కొద్దిపాటి కట్టడాలే. తాడికొండ జలపాతం చూడవచ్చే పల్లపువారు ఈ కట్టడాలను తలెత్తి చూడరు. కొండవారికి మాత్రం చూడదగ్గ స్థలాలు, భయపడదగ్గ స్థలాలు, ఆశపడదగ్గ స్థలాలు అన్నీ ఇవే.

సంతలో మేము గమనించినది ఒకటున్నది. చింతపండు, పసుపు, కొండచీపుళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవారు వర్తకులతో తెలుగులో నిస్సంకోచంగా బేరమాడుతున్నారు. కొలత దగ్గర తేడా వస్తే ఊరుకోవడం లేదు. అదే మనుషులు నూరు గజాల అవతల కచేరీ వరండాలో నోరు మెదపడం లేదు. తెలుగు రాకనా? సంతకు చాలిన తెలుగు వారికి వచ్చును. అర్జీకి కావలసిన తెలుగు వేరు. ఆ మాటకు వస్తే మనలోనూ అది ఎందరికి వచ్చును?

ఈ మౌనానికి సుమారు రెండువందల ఏళ్ల చరిత్ర ఉన్నది. 1830 ప్రాంతంలో పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతాలలో జమీందారీల తగవులు ముదిరి తిరుగుబాట్లు లేచినప్పుడు, చెన్నపట్నం ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపినది. మైదానపు కోర్టులు, వాటి చిక్కు విధానాలు ఈ కొండలకు పనికిరావని ఆయన అభిప్రాయపడ్డాడు. ఆయన సిఫారసు మీదనే 1839లో 24వ చట్టం వచ్చినది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధినుండి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించి, శిస్తు, సివిలు, క్రిమినలు అధికారాలన్నీ ఆయన చేతిలో పెట్టినారు. ఈనాటికీ మనం ‘ఏజెన్సీ’ అని పిలిచే పేరు ఆ ఏజెంటునుండి వచ్చినదే.

ఆలోచన చెడ్డది కాదు. కొండవాడు పది కచేరీలు తిరగకుండా ఒక్క దొర ముందు నిలబడి తన గోడు చెప్పుకుంటే, ఆ దొర అక్కడికక్కడే తీర్పు చెబుతాడు. కాని ఆ ఒక్క దొర ఉండేది విశాఖపట్నంలో. గుమ్మలక్ష్మీపురపు కొండలనుండి అది సుమారు నూరు మైళ్లు. తరువాత పార్వతీపురంలో ఆయనకు ఒక సహాయ ఏజెంటు ఏర్పడినాడు. సహాయకుడు కొండలలోకి మకాం వచ్చినప్పుడు డేరా ముందు అర్జీదారులు కూడేవారు. డేరాలో దొరకు సవరభాష రాదు. బయట సవరకు ఇంగ్లీషు రాదు, కచేరీ తెలుగూ రాదు. ఇద్దరి నడుమ దుబాసీ నిలబడతాడు. సవర పది మాటలు చెబితే దుబాసీ మూడు మాటలు చెబుతాడు. ఆ రాలిపోయిన ఏడు మాటలూ ఏమైనవో ఏ దస్త్రంలోనూ లేదు.

దస్త్రానికెక్కిన ఒక సంగతి మాత్రం చెప్పాలి. 1864లో, నేటి ఒడిశాలోని గుణుపురం ఎగువన, పొట్టసింగి అనే సవర ప్రాంతంలో పోలీసులు ఒక గ్రామపెద్దను అక్రమంగా నిర్బంధించినారు. సవరలు వచ్చి అతనిని విడిపించుకుపోయినారు. ఆ పెనుగులాటలో ఇనస్పెక్టరును, నలుగురు కానిస్టేబుళ్లను చంపి ఠాణాను తగులబెట్టినారు. ప్రభుత్వం జయపురం రాజు సాయం కోరినది. ఇరువదినలుగురు పట్టుబడ్డారు, తొమ్మిదిమందికి ద్వీపాంతరం, అయిదుగురికి ఉరి. ఆ ఉరి కచేరీ ఆవరణలో తీసినది కాదు. అందరూ చూసేటట్లు, పొట్టసింగి కనుమ మొదట జాలతేరు దగ్గర తీసినారు. మరుసటి ఏడు కొండలలో ఠాణా పెట్టబోయిన పోలీసులమీద మళ్లీ బాణాలో తుపాకులో పేలకపోలేదు. చివరకు ఠాణా నిలిచినది. సవర సీమకు సర్కారు కచేరీ వచ్చిన తీరు ఇది. మనవైపు కచేరీకి రావిచెట్టు, అరుగు ఉంటే, అక్కడి జ్ఞాపకంలో మొదటి కచేరీకి కాలిన కప్పు ఉన్నది. దీనిని విశాఖపట్నం జిల్లా పాత గెజిటీరులో కొద్ది వాక్యాలలో ముగించినారు. మొదట అరెస్టు అక్రమమని ఒప్పుకోవడం మాత్రం ఆ వ్రాతకు గౌరవం తెచ్చే విషయం.

ఆ తరువాత చట్టాలు కొండవాని పక్షాన వచ్చినవి. వడ్డీ వర్తకులు అప్పు కింద పోడుభూములూ పల్లపుమళ్లూ కలుపుకుపోతున్నారని గ్రహించి 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసినారు. కొండజాతివాడు ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు భూమి వ్రాసి ఇస్తే చెల్లదన్నారు. వడ్డీ నూటికి ఏటా 24 దాటరాదన్నారు, చక్రవడ్డీ కూడదన్నారు. చట్టం చక్కగా ఉన్నది. అయితే దానిని వినియోగించుకోవలసినవాడు కచేరీకి వచ్చి, నా భూమి ఫలానావాడు తీసుకున్నాడని చెప్పాలి. ఎవరి భాషలో చెప్పాలి? వెంట వచ్చి మాట సాయం చేసేది ఎవరు? చాలాచోట్ల ఆ నాలుగు భాషలూ వచ్చినవాడు అప్పిచ్చిన సావుకారే.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ముందుకు పోలేము. ఆయనను మనం వ్యావహారిక భాషోద్యమ పితామహునిగానే ఎరుగుదుము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజులలో ఆయన సవరలను చూసి, వారి భాష నేర్వాలని పూనుకున్నారు. సవర తెలిసినవానిని ఇంట పెట్టుకుని నేర్చుకున్నారు, అడవులలో తిరిగినారు, పాటలు, కథలు సేకరించినారు. ప్రభుత్వం పారితోషికమీయబోతే, నాకు వద్దు, సవరలకు బడి పెట్టండి అని కోరినట్లు ఆయన జీవితం వ్రాసినవారు చెబుతారు. 1931లో ఆయన సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. పల్లపువాడు కొండభాష నేర్చుకోవడమన్నది ఆ రోజులలో వింత. కొండవాడు మన భాష నేర్చుకోకపోవడమే తప్పుగా చూసేవారు. ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదని మా అనుమానం.

సవర నోటిలో గొంతు దగ్గర పలుకు ఆగిపోయే ధ్వని ఒకటున్నది. అచ్చులూ మన అచ్చులకంటె వేరు. తెలుగు లిపిలో వాటికి గుర్తులు లేవు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గుణుపురం, రాయగడ, పర్లాకిమిడిలో చాలా భాగం అటు పోయినవి. ఒక్క జాతి రెండు రాష్ట్రాలకు పంచబడి, అటువారికి కచేరీ భాష ఒడియా, ఇటువారికి తెలుగు అయినది. అదే ఏడు అటువైపు మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి కల్పించినాడు. అది పూజలోను పుస్తకాలలోను నిలిచినది; కచేరీ మెట్లు ఎక్కలేదు.

లిపి సంగతి పండితుల గొడవ అని అనుకోవద్దు. మేము ఆనాడు వరండాలో చూసినది చెబుతాము. ఆ మన్యంలోనిదే ఒక కచేరీ, ఏదని చెప్పనక్కరలేదు. ఒక ముసలి సవర గోడనానుకుని కూర్చున్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచిలో మడిచిన కాగితాలు. పక్కన మనుమడు, పదో తరగతి చదివినవాడు. వారి పేచీ భూమి గురించి కాదు, పేరు గురించి. సవరలలో బిడ్డకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉన్నది: సోమవారమైతే ఒకటి, మంగళవారమైతే మరొకటి. పల్లపు గుమాస్తా దానిని సోమయ్య అనో సోమన్న అనో తన నోటికి వచ్చినట్లు వ్రాస్తాడు. ఇంటిపేరు ఏమని అడుగుతాడు. జాతాపులకు బిడ్డిక, మండంగి, కోలక, అరిక వంటి ఇంటిపేర్లున్నవి. సవరకు మన అర్థంలో ఇంటిపేరు లేదు. కనుక ఆ స్థానంలో ‘సవర’ అని జాతిపేరే వ్రాసినారు. ఇప్పుడు ఒక ఊరిలో ముప్పది గడపలుంటే, వారానికి రోజులు ఏడే గనుక, ఒకే పేరున నలుగురైదుగురు తేలుతారు. తండ్రులకూ అవే పేర్లు. పట్టా ఒకరిది, పింఛను ఒకరిది, రేషను కార్డు వేరొకరిది. అందరూ కాగితంమీద ఒక్కరే.

“మా తాతకు ఊళ్లో ఎవరూ పొరపడరు బాబూ, ఇక్కడే పొరపడతారు,” అన్నాడు మనుమడు.

ముసలాయన మాతో మాట్లాడలేదు. పేరేమిటి తాతా అని మేము అడిగితే మనుమని వైపు చూసినాడు. తన పేరు తాను చెప్పడానికి కూడా మధ్యవర్తి కావాలని ఏ కచేరీ నేర్పినదో, ఆయనకు ఎన్ని ఏళ్లనాడు నేర్పినదో!

కచేరీలు మాత్రం మారుతూనే వచ్చినవి. 1948 ఎస్టేటుల రద్దు చట్టంతో కురుపాం వంటి జమీందారీలు పోయినవి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడి ఈ ప్రాంతాన్ని విశాఖపట్నంనుండి తీసుకున్నది. 1959లో పంచాయతీ సమితులు వచ్చినవి. 1979లో విజయనగరం జిల్లా అయినది. 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టినారు. తహశీల్దారు పోయి మండల రెవిన్యూ అధికారి వచ్చినాడు, కొన్నేళ్లకు ఆ అధికారే తిరిగి తహశీల్దారు అయినాడు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినది. అందులో గుమ్మలక్ష్మీపురాన్ని పాలకొండ డివిజనులో చేర్చినారు. కొండ ఉన్నచోటనే ఉన్నది. జిల్లా కచేరీ దానిచుట్టూ నాలుగు ఊళ్లు తిరిగి చివరకు కొంత దగ్గరకు వచ్చినది. ఇది చిన్న మేలు కాదు. విశాఖపట్నం నడిచిపోయిన తాతల కాలంతో పోల్చి చూడాలి.

నడుమ ఒక చీకటి ఘట్టం ఉన్నది. 1967 అక్టోబరు 31న, మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం మహాసభకు పోతున్నవారిపై, ఇదే మండలంలోని లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవారు కాల్పులు జరిపినారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయినారు. ఆ తరువాత శ్రీకాకుళ సాయుధ పోరాటం, దాని అణచివేత, ఎన్నో చావులు. ఆ కథ పెద్దది, వేరే చెప్పవలసినది. మేము ఇక్కడ గుర్తు చేసేది ఒక్కటే: సభకు పోతున్న ఆ జనం అడిగిన కూలి, అప్పు, భూమి అన్నీ 1917నాటి చట్టం ఎరిగిన సంగతులే. యాభై ఏళ్లు ఆ చట్టం కచేరీలోనే ఉన్నది. ఫిర్యాదు అక్కడిదాకా రాలేదు, వచ్చినా వినబడలేదు. 1970లో 1959నాటి భూబదలాయింపు నిబంధనలను సవరించి బిగించినారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుని చేతిలో ఉంటే అది మొదట గిరిజనునిదేనని భావించాలని, కాదని రుజువు చేసుకోవలసిన భారం అవతలివానిదని అన్నారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచినది ఇదే. 1988లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. ఈ నిబంధనలోని గొప్పతనం మాకు ఇక్కడ కనబడుతుంది: నోరులేనివాడు మాట్లాడనక్కరలేకుండా, నోరున్నవానిని మాట్లాడమన్నది.

2006 అటవీ హక్కుల చట్టం మరొక అడుగు వేసినది. ఎవరు ఎంతకాలంగా పోడు చేస్తున్నారో మొదట చెప్పవలసినది గ్రామసభ అన్నది. అనగా పేరు తప్పులేకుండా పలకగలిగిన చోటనే మొదటి విచారణ. ఒకే పేరున్న నలుగురిలో ఏ మెట్టమీద ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలుసు. అయితే ఊరు తేల్చిన పేరు పట్టామీదికి ఎక్కేటప్పుడు మళ్లీ ఎవరో ఒకరు దానిని తెలుగులో వ్రాయాలి.

సాయంత్రం నాలుగు గంటలకు మనుమడు లోపలికి వెళ్లి ఒక రసీదు తెచ్చినాడు. దరఖాస్తు తీసుకున్నారు. లోపల ఉన్న గుమాస్తా జాతాపు యువకుడట. ముసలాయన తల్లిపేరు, గడపగుర్తు కూడా అడిగి పక్కన వ్రాసుకున్నాడట, ఇక మిగిలినవారితో కలవకుండా ఉండడానికి. ముసలాయన రసీదు తీసుకుని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, సంచిలో అడుగున పెట్టినాడు. సంతలో కొన్న ఉప్పు, ఎండుచేపలు పైన పెట్టినాడు. మాకు పార్వతీపురం బస్సు వచ్చినది. కిటికీలోనుంచి చూస్తే తాతా మనుమలు కొండవైపు బాటలో ఒకరి వెనుక ఒకరు నడుస్తున్నారు; తాతే ముందు ఉన్నాడు, ఏదో గట్టిగా చెబుతున్నాడు.