జీతం ఎవరి చేతికి: సుసాన్ మోలర్ ఓకిన్ న్యాయచింతన

స్త్రీవాద రాజనీతి తాత్వికురాలు సుసాన్ మోలర్ ఓకిన్ పేరెత్తగానే మన సెమినార్లలో లేచే ప్రశ్న ఒక్కటే: బహుళ సంస్కృతివాదం స్త్రీలకు చేటా? 1997లో ‘బోస్టన్ రివ్యూ’లో వచ్చి, 1999లో పలువురి జవాబులతో పుస్తకమైన ఆ వ్యాసమే ఆమె సర్వస్వమన్నట్టు చర్చ సాగిపోతుంది. ఇది ఆమెకు జరుగుతున్న అన్యాయం. ఆమె ఆలోచనకు ఆయువుపట్టు 1989 నాటి ‘జస్టిస్, జెండర్ అండ్ ది ఫ్యామిలీ’లో, అందులోనూ వివాహం స్త్రీని ఎలా బలహీనురాలిని చేస్తుందో విప్పిచెప్పిన అధ్యాయంలో ఉంది.

న్యాయ పండితురాలు అజీజా అల్-హిబ్రీతో నా పేచీ ఇక్కడే. ఓకిన్ పాశ్చాత్య ఆధిపత్య గొంతుతో పరాయి స్త్రీల తరఫున మాట్లాడుతోందని 1999 సంపుటంలో అల్-హిబ్రీ అభ్యంతరం. వ్యాసంలో కొన్ని వాక్యాలు దురుసుగా ఉన్న మాట నిజమే. కానీ ఓకిన్ ముందుగా నిలదీసింది తన ఇంటినే. 1979లో ప్లేటో, అరిస్టాటిల్, రూసో, మిల్‌లను. పదేళ్లకు న్యాయ సిద్ధాంతకర్త జాన్ రాల్స్‌ను, అమెరికన్ కాపురాన్ని. కుటుంబాన్ని సమాజపు మౌలిక నిర్మాణంలో చేర్చి, పిల్లలకు న్యాయబుద్ధి అబ్బేది అక్కడే అన్న రాల్స్, ఆ ఇల్లు న్యాయంగా నడుస్తోందా అని 1971 నాటి తన గ్రంథంలో అడగలేదు. న్యాయసూత్రాలను ఎంచుకునే ఆయన ఊహాసభ ‘మూలస్థితి’లో కూర్చున్నవాళ్లు కుటుంబ పెద్దలు. అక్కడివాళ్లకు తమ స్థానం తెలియనివ్వని అజ్ఞానపు తెర వెనక దాగాల్సిన వాటిలో లింగాన్ని ఆయన 1975లో చేర్చినా ఇంటి లోపలి పంపకం జోలికి పోలేదు.

ఓకిన్ ఆ జోలికి పోయింది. పెళ్లికి ముందే, పెళ్లవుతుందన్న అంచనాతోనే ఆడపిల్ల చదువూ ఉద్యోగమూ కుదించుకుంటుంది. పెళ్లయ్యాక తక్కువ జీతం ఆమెదే కాబట్టి పిల్లల పనీ వంటపనీ ఆమెకే పడతాయి. ఆ పని వల్ల జీతం ఇంకా వెనకబడుతుంది. విడిపోతే ఎవరు ఎక్కువ నష్టపోతారో ఇద్దరికీ తెలుసు. ఆర్థికవేత్త హర్ష్‌మన్ 1970లో సంస్థల గురించి చెప్పిన సూత్రాన్ని ఆమె కాపురానికి పట్టించింది: బయటికి పోగల దారి ఉన్నవాళ్ల మాటకే లోపల విలువ. అందుకే ఆమె పరిష్కారం నేరుగా జీతం దగ్గరికే వెళ్లింది. ఒకరు ఇంటిపని మోస్తుంటే, యజమాని రెండోవారి జీతాన్ని రెండు సమాన చెక్కులుగా రాసి చెరొకరికి ఇవ్వాలి. దయాధర్మంగా కాదు, హక్కుగా. న్యాయసిద్ధాంతం వంటింటి గడప దాటి ఇంత నిర్దిష్టంగా మాట్లాడిన సందర్భం అంతకుముందు నాకు కనిపించదు.

విడాకుల తర్వాత స్త్రీల జీవనస్థాయి 73 శాతం పడిపోతుందన్న సమాజశాస్త్రవేత్త వైట్జ్‌మన్ లెక్కను ఆమె ఆధారం చేసుకుంది. 1996లో మరో సమాజశాస్త్రవేత్త పీటర్సన్ అదే సమాచారాన్ని మళ్లీ లెక్కవేసి 27 శాతమని తేల్చాడు. పతనం పతనమే.

2002లో ‘ఎథిక్స్’ పత్రికలో ఓకిన్ ఇదే నిష్క్రమణ సూత్రాన్ని మత, సంస్కృతి సమూహాలకు అన్వయించింది: సమూహాన్ని వదిలి పోవచ్చన్న హక్కు కాగితం మీద ఉంటే చాలదు, చదువూ ఆదాయమూ లేని అమ్మాయికి ఆ తలుపు మూసినట్టే. 1989కీ 2002కీ నడుమ పెట్టి చదివితే 1997 వ్యాసం పరసంస్కృతి మీద దాడిగా మిగలదు. భర్త ముందు భార్యకున్న బలహీనతే సమూహం ముందు స్త్రీకి ఉందన్న వాదంగా తెలుస్తుంది. కులం కట్టుబాట్లకూ ఈ సూత్రమే వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను.

ఇంటిపనికి విలువ కట్టే దారిలో మన న్యాయస్థానాలు సగం దూరం వచ్చాయి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు రూ. 3,000 విలువ కట్టింది. 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 కాలవినియోగ సర్వే అంకెలను ఉటంకించారు. రెండూ నష్టపరిహారం కేసులే. గృహిణి చనిపోయాకే ఆమె పనికి ధర పలికింది. ఓకిన్ వాటా అడిగింది ఆమె బతికుండగా, ప్రతి నెలా జీతం రోజున. ఇదే లెక్కను కోర్టులు విడాకుల ఆస్తి పంపకానికీ, ఆపైన నడుస్తున్న కాపురాలకూ వర్తింపజేయాలి.